ప్రోపోలిస్

ప్రోపోలిస్ అనగా తేనెటీగలు చెట్ల మొగ్గల నుండి, బెరడు నుండి జిగురును సేకరించి, దానికి మైనం కలిపి తయారుచేసే బంక వంటి పదార్థం. దీనిని తేనెటీగ జిగురు అని కూడా అనవచ్చు. గుళికలు, ద్రావణం, గొంతు స్ప్రే రూపాలలో దీనిని ఆరోగ్యానికి అనుబంధ ఆహారంగా అమ్ముతారు.

పేరు, ఉపయోగం

గ్రీకు భాషలో 'ప్రో' అనగా ముందు, 'పోలిస్' అనగా నగరం. తేనెటీగలు పట్టులోని పగుళ్ళను దీనితో పూడ్చి, ద్వారాన్ని ఇరుకు చేస్తాయి. పట్టులో చచ్చిన ఎలుక వంటి మోయలేని జంతువు కుళ్ళకుండా దానిపై ఈ జిగురును పూస్తాయి.

సంఘటనం

సుమారుగా ఇందులో సగం జిగురు, 30 శాతం మైనం, 10 శాతం సుగంధ తైలాలు, మిగిలినది పుప్పొడి, ఇతర పదార్థాలు. అయితే చెట్టు మారితే ప్రోపోలిస్ గుణం కూడా మారుతుంది. ఐరోపాలో ఇది ఎక్కువగా పాప్లర్ మొగ్గల నుండి, బ్రెజిల్‌లోని పచ్చ ప్రోపోలిస్ బకారిస్ అనే పొద నుండి వస్తుంది.

ఉద్దానం ప్రాంతంలో

శ్రీకాకుళం జిల్లాలో బారువ, పలాస పరిసరాలలోని ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ప్రసిద్ధి. ఇక్కడ పాప్లర్ గాని, బకారిస్ గాని ప్రధాన వృక్షాలు కావు. కనుక విదేశీ ప్రోపోలిస్‌పై జరిగిన పరిశోధనల ఫలితాలు ఇక్కడి జిగురుకు యథాతథంగా వర్తించవు. పైగా అన్ని తేనెటీగలూ దీనిని ఒకే విధంగా సేకరించవు. పెట్టెలలో పెంచే ఐరోపా తేనెటీగ దీనిని బాగా సేకరిస్తుంది. మన దేశపు పుట్టతేనెటీగ దాదాపుగా సేకరించదు. కొమ్మకు ఒకే పట్టు పెట్టే చిన్న తేనెటీగ చీమలు రాకుండా కొమ్మ చుట్టూ జిగురు వలయం పూస్తుంది.

మూత్రపిండాలపై ప్రభావం

ఉద్దానంలో 1990ల నుండి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి పెద్ద సమస్యగా ఉంది. దీనికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అందువలన ఈ ప్రాంతపు పాఠకులు రెండు విషయాలు గమనించాలి.

2019లో ప్రచురితమైన బ్రెజిల్ పరిశోధనలో 32 మంది మూత్రపిండ రోగులు పాల్గొన్నారు. 12 నెలలపాటు రోజుకు 500 మి.గ్రా. పచ్చ ప్రోపోలిస్ తీసుకొన్నవారిలో మూత్రంలో పోయే ప్రోటీను తగ్గింది. కాని మూత్రపిండాల వడపోత శక్తి మెరుగుపడినట్లు తేలలేదు. మరోవైపు, 2005లో తైవాన్ వైద్యులు ప్రోపోలిస్ వాడిన ఒక క్యాన్సర్ రోగికి మూత్రపిండాలు హఠాత్తుగా విఫలమైన ఉదంతాన్ని ప్రచురించారు. వాడకం ఆపగా అతని స్థితి మెరుగుపడింది. మళ్ళీ వాడగా క్షీణించింది. ఒక చిన్న పరిశోధన చికిత్సకు ఆధారం కాదు. ఒక రోగి ఉదంతం అందరికీ హాని అనడానికి నిదర్శనమూ కాదు.

జాగ్రత్తలు

తేనెటీగ ఉత్పత్తులు పడనివారికి చర్మంపై దద్దురు, ఉబ్బసం రావచ్చు. కొన్ని నమూనాలలో సీసం కనబడింది. సీసం మూత్రపిండాలకు హానికరం. ప్రోపోలిస్ ఆరోగ్య ప్రయోజనాల గురించిన వాదనలను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో ఆమోదించలేదు. మూత్రపిండ రోగులు, రక్తం పలచబడే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దీనిని తీసుకోరాదు. డయాలసిస్‌కు గాని, వైద్యుడు వ్రాసిన మందులకు గాని ఇది ప్రత్యామ్నాయం కాదు.