ఈత వనం అంచున కల్లంగడి

పబ్బు పబ్బు అంటా ఉండావు గదా అబ్బోడా, బెంగళూరులో చూసొచ్చినానని. మా ఊర్లోనూ ఉండె ఒకటి. పుంగనూరు నుంచి మదనపల్లెకు పొయ్యే దోవలో, చెరువు కట్ట దిగినాక, ఈత వనం అంచున. నాలుగు రాతి కూసాలు, పైన బోద కప్పు, అంతే. గోడలు లేవు. లోపల ఎవురెవురు కూర్చోనుండారో దోవన పొయ్యే వాళ్ళందురికీ కనపడాల్సిందే. పెండ్లాం పొలం నుంచి వస్తా చూస్తాది, మామ చూస్తాడు, బడి అయ్యవారు చూస్తాడు. మూడో ముంత అడగాలంటే రోడ్డు పక్క ఒకసారి తిరిగి చూసి అడగాల. ఆ అంగడికుండే కట్టుబాటంతా అదే అని నేనిప్పుటికీ అనుకుంటా.

మంట దగ్గరికి జరగండి. పాపా, ఆ చెనిక్కాయల గంప ఇట్ల తీసుకురా. చెప్తా.

మా అమ్మ ఆ అంగడి పక్కన చింతచెట్టు కింద కూర్చోని అలసంద వడలు, ఉలవ గుగ్గిళ్ళు అమ్మేది. పొద్దున నాలుగింటికే లేసి రోట్లో పిండి రుబ్బేది. ఆ దుడ్డుతోనే నేను మదనపల్లె బీసెంట్ కాలేజీలో చదివినా, అయ్యవారినైనా. అందుకే కల్లంగడిని ఎవురన్నా ఈసడించి మాట్లాడితే నాకు మనసొప్పదు. అట్లని పొగడమన్నా నోరు రాదు. కల్లుకు అలవాటు పడి కయ్యలు అమ్ముకున్నోళ్ళు మా ఊర్లోనే ఉండారు.

ముందు చెట్టు సంగతి తెలుసుకోండి. మా పక్క తాటిచెట్లు తక్కువ, ఈతలు జాస్తి. వంకల వెంబడి, చెరువుల కింద, గట్ల మింద ఎవురూ నాటకుండానే మొలిచేవి. చలి తగలంగానే ఈడిగ వాళ్ళు మట్టలు కొట్టి, మొవ్వు కింద చెక్క తీసి, గీత పెట్టేది. సందకాడ ముంత కట్టేది, తెల్లారకముందే దించేది. ఒక ఏడు ఈ పక్క గీస్తే మరుసటేడు ఆ పక్క గీస్తారు. అందుకే పాత ఈత మానుకు అటొక గంటు, ఇటొక గంటు పడి వంకర్లు తిరిగి ఉంటాది. ఆ గంట్లు లెక్కపెడితే చెట్టు ఎన్నేండ్లు కల్లిచ్చిందో తెలిసిపోతాది. ఆశపడి వరసగా దినామూ గీసేస్తే చెట్టు నిలువునా ఎండిపోతాది. మధ్యలో దానికి తెరిపినివ్వాల.

ముంతకు లోపల సున్నం పూసి కడితే పొద్దున దించేది తియ్యటి నీరా. సున్నం లేకపోతే చెట్టు మిందే నురగ కట్టడం మొదలవుతాది. పొద్దున తీపి, మధ్యాన్నానికి కైపు, మాపిటికి పులుపు, మర్నాటికి నోట్లో పెట్టుకోలేం. నూటికి నాలుగైదు పాళ్ళకు మించి మత్తు సరుకు ఉండదు, కైపు కంటే ముందు కడుపు నిండేది. ఇది మనసులో పెట్టుకో అబ్బోడా. నిలవుండదు కాబట్టి కల్లు ఊరు దాటి పోలేదు. ఏ చెట్టుదో, ఎవురు గీసిందో తాగేవానికి తెలుసు. కల్లు చెడిపోతే ఎవుర్ని అడగాలో కూడా తెలుసు. నేను చెప్పబొయ్యే కతంతా ఇక్కడినుంచే వస్తాది.

ఆ కప్పు కింద ఏమేం జరిగేవనుకున్నారు! సంత నాడు ఎద్దుల బేరాలు అక్కడే తెగేది. కూలి రేటు ఎంతనేది అక్కడే తేలేది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు ఎవురు బండ్లు కట్టాల, ఎవురు మేకను తేవాల, అంతా అక్కడే మాట్లాడుకునేది. కొట్టుకునేదీ అక్కడే, మర్నాడు రాజీ పడేదీ అక్కడే.

అందురూ ఒకచోట కూర్చునేవాళ్ళు అనుకోవద్దు మళ్ళ. కాపులకు లోపల రాతిబండలు. దళితవాడ వాళ్ళు చింతచెట్టుకు అవతల, ఎండలో. వాళ్ళ చేతికి ముంత ఇచ్చేది లేదు, మోదుగాకు దొన్నెలో పైనుంచి పోసేది. పొద్దంతా ఆ కాపుల మడకలు దున్నింది వాళ్ళే. మా అమ్మ మాత్రం వడలు అందరి చేతికీ ఇచ్చేది, దానికి ఊర్లో మాట పడింది కూడా. అంగడి పోయిందని నాకు బాధ ఉండొచ్చు గానీ, ఆ దొన్నె పోయిందానికి బాధ లేదు.

మా జేజి ఇంకా పాత సంగతి చెప్పేది. ఆమె కొత్తగా కాపరానికొచ్చిన రోజుల్లో అంగడి ఒకసారి మూతపడిందంట. అప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉండె. రాజాజీ సర్కారు 1937 అక్టోబరులో మొదట సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, మరుసటేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చె. ఉత్తర ఆర్కాటుకు ఆ తర్వాతే. ఖజానాకు పడిన బొక్క పూడ్చేదానికి 1939లో అమ్మకం పన్ను పెట్టినారు. ఈ పొద్దు అంగట్లో ఏం కొన్నా పన్ను కడతా ఉండాం గదా, దాని వేరు అక్కడుండాది. అంగడి మూసిన ఆ ఏడు మా తాత కూలి దుడ్డు తెచ్చి చేతిలో పెట్టినాడని, దాంతో ఇత్తడి బిందె కొన్నానని జేజి చెప్పేటప్పుడు ఆమె మొగం చూడాల. అదే ఏడు మా ఊరి ఈడిగ వాళ్ళు కత్తులు చూర్లో చెక్కేసి కోలారు గనుల్లో కూలికి పోయినారంట. రెండూ నిజమే. ఒకింటికి బిందె వచ్చింది, ఒకింటికి ఊరు పోయింది.

యుద్ధం రోజుల్లో తెల్లదొరలు నిషేధాన్ని పక్కన పెట్టినారు. మళ్ళీ కాంగ్రెసోళ్ళు వచ్చి, 1948 గాంధీ జయంతి నుంచి మద్రాసు రాష్ట్రమంతా పెట్టినారు. అప్పుడే మన పక్క సారా బలిసింది. కల్లుకైతే చెట్టెక్కాల, చెట్టెక్కితే మూడూర్ల వాళ్ళకు కనపడతాడు. సారాకు ఒక గుంత చాలు. చిత్తూరు జిల్లాలో బెల్లానికి కొదవా? బెల్లం, తెల్లతుమ్మ చెక్క కుండల్లో ఊరబెట్టి భూమిలో పూడ్చేది, రాత్రి గుట్టల మరుగున కాచేది. పగటి అంగడి మూస్తే రాత్రి అంగడి పుట్టింది. దానికి కట్టుబాటు లేదు, తాగేవాని మొగం చూసేవాళ్ళు లేరు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక ఈ గొడవ ఒక సర్కారునే కూలదోసింది. నిషేధం తీసెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. గీత పనోళ్ళ తరఫున గౌతు లచ్చన్న గట్టిగా నిలబడె. ప్రకాశం పంతులు కమిటీ మాట అమలు చెయ్యలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాసంలో ఒక్క ఓటుతో ఆయన మంత్రివర్గం పడిపోయింది. తుపాకీకి రొమ్ము చూపించిన మనిషి ఈత చెట్టు, తాటిచెట్టు దగ్గర ఓడిపోయినాడు.

1968లో ఎక్సైజు చట్టం వచ్చినాక అంగళ్ళకు మళ్ళీ పాటలు మొదలైనాయి. నాకు బుద్ధి తెలిసినాక చూసిన కల్లంగడి అదే. మా అమ్మ వడలు అమ్మింది అప్పుడే. అంగడి పాట పాడుకున్నోడు పట్నంలో ఉంటాడు, చెట్టెక్కేవాడు ఊర్లో. చెట్టుకింత అని సర్కారుకు పన్ను. పాట ఏటేటా పెరిగిపోయె, కల్లులో నీళ్ళు, సాకరిన్ పడె. పక్కనే సర్కారు లైసెన్సుతో సారాయంగడి వెలిసె. కల్లు తాగేదానికి ఒక పూట పడతాది. సారా నిలబడి రెండు గుక్కల్లో పోసుకోని పోవచ్చు. మా అమ్మ గుగ్గిళ్ళు ఎవురూ అడక్కుండా పోయినారు, నంజుకునేంత తీరిక సారా తాగేవానికి యాడుండాది?

ఎనభైల్లో వారుణి వాహిని అని పేరు పెట్టి సర్కారే సారాను పాకెట్లలో నింపి పల్లెలకు పంపింది. అక్కడ తీరిపోయింది కల్లు పని. పాకెట్టు నెలలకొద్దీ చెడదు, సైకిలు మింద పోతాది, జేబులో దూరుతాది. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజు రాబడి 39 కోట్లు. 1991-92 నాటికి అది 812 కోట్లు. ఎక్కువభాగం సారాదే. అంత దుడ్డు ఈత చెట్టు ఎప్పుటికీ తేలేదు.

అప్పుడు నేను కుప్పం పక్క పల్లెలో అయ్యవారుగా ఉండాను. ఒకటో తారీకు వస్తే బడి కాడికి ఆడోళ్ళు వచ్చి, అయ్యవారూ, మా ఆయప్ప కూలి అంతా అంగట్లో పోసినాడు, పిల్లోళ్ళకు పలకలు మీరే కొనీండి అని ఏడ్చేది. కూతురి కమ్మలు తాకట్టు పెట్టి తాగిన తండ్రిని చూసినా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో చదువు నేర్చుకున్న ఆడోళ్ళు, వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి వాళ్ళు, సారాయంగడి మూయించినారు. అది జిల్లాలు దాటి మన దాకా వచ్చింది. చీపుర్లు, కారంపొడి తీసుకోని ఆడోళ్ళు సారా జీపులకు అడ్డం పడుకున్నారు. నోరు తెరిచి మాట్లాడని కోడండ్లు, అత్తల పక్కన నిలబడి కేకలేసినారు. ఆ నెలల్లో నేను చూసినంత ధైర్యం మళ్ళీ యాడా చూడలేదు. పాపా, నువ్వు పెద్దయినాక దాన్ని గురించి చదువు. మన ఆడోళ్ళు చేసిన పన్లలో అంత పెద్దది ఇంకోటి లేదంటాను.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించినారు. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణం చేసి పూర్తి మద్యనిషేధం మీద సంతకం పెట్టె, 1995 జనవరి 16 నుంచి అమలు. కుప్పం మూడు రాష్ట్రాల మూల గదా. సందకాడ రైలెక్కితే ఒక పక్క బంగారుపేట, ఇంకో పక్క జోలార్‌పేట. మదనపల్లె వాళ్ళు చీకలబైలు దాటేది, పుంగనూరు, పలమనేరు వాళ్ళు నంగిలికి పొయ్యేది. మన పక్క చట్టం, ఆ పక్క అంగడి. కన్నడ సారా పాకెట్లు మూటల్లో, పాల క్యాన్లలో ఇవతలికొచ్చేది. కర్ణాటక 2007లో తన సారాను నిలిపేసేదాకా ఆ రాకపోకలు ఆగలేదు. మన సరిహద్దు పల్లెల్లో నిషేధం అంటే రాత్రి ఇంకో రెండు మైళ్ళు నడవడమే అయిపోయింది. ఆ నడకలో వాగుల్లో పడినోళ్ళు ఉండారు, రైలు కింద పడినోళ్ళు ఉండారు.

1997లో నిషేధం ఎత్తేసినారు. ఎత్తేసిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మన కుప్పం ఎమ్మెల్యేనే, 1989 నుంచి. ఖజానా ఖాళీ అయిందన్నారు. ఆడోళ్ళ పోరాటం మాత్రం ఏ లెక్కలోకీ రాకపోయె. తర్వాతవి మీరు చూసినవే. బెల్టు షాపులు, 2019లో సర్కారు మద్యం దుకాణాలు, 2024 అక్టోబరులో మళ్ళీ లాటరీ తీసి ప్రైవేటుకు ఇచ్చిన 3,396 అంగళ్ళు, 99 రూపాయల క్వార్టరు. 2025 అక్టోబరులో మన పక్కనే ములకలచెరువులో నకిలీ మందు తయారుచేసే చోటు పట్టుబడింది. ఏ ఈడిగ ముంతలోది తాగుతా ఉండామో తెలిసిన తాతకు, సీసా లోపల ఏముందో తెలీకుండా తాగే మనవడు పుట్టినాడు.

ఈ కొత్త అంగళ్ళలో నూటికి పదివంతులు గీత కులాలకు ఇచ్చినారు. ఇచ్చింది మంచిదే, అన్ని తరాలు నష్టపోయినోళ్ళకు ఏదో ఒక దోవ ఉండాల. మా ఊరి గీత ఇంటి పిల్లోడు కూడా చీటీ వేసినాడు. వాళ్ళ నాయన చెట్టు మింద నుంచి పడి నడుము పోయిన మనిషి. కొడుకు చెట్టెక్కకూడదనే కోరుకున్నాడు. అయితే ఇచ్చింది సీసా అంగట్లో వాటా, చెట్టు మింద వాటా కాదు. ఇంకో నూరు ఈతలు నాటుకోనీండి, నీరా దించి అమ్ముకోనీండి అని ఎవురన్నా నిలబడి అడిగుంటే ఆ ఇంటికి ఒక పనితనం మిగిలేది.

చెట్లు యాడుండాయి అంటావా? చెరువులు నిండక కొన్ని పోయె. టమోటా తోటలకు గట్లు చదును చేసినప్పుడు కొన్ని పోయె. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అంగడి కూసాలతో సహా పోయె. రామసముద్రం పక్క వంకల్లో ఇంకా ఉండాయి. ఒకాయన గీస్తాడు, నాకు తెలుసు, మా అమ్మ చేతి వడలు తిన్న మనిషి.

సంకురాత్రి లోపల ఒకనాడు పోదాం, పాపా నువ్వు కూడా రా. తాగేది నీరానే, కల్లు కాదు. సున్నం పూసిన ముంతేనా అని అడిగి మరీ పోయించుకోవాల. మబ్బులోనే బయల్దేరాల, పొద్దెక్కితే ఆయన ముంతలన్నీ దించేసుంటాడు. దుడ్డు ఇస్తే తీసుకోడు, అందుకని అలసంద వడలు చేయించుకోని పోదాం. పొయ్యే ముందునాడే మీ అవ్వకు చెప్పి అలసందలు నానబెట్టించండి.