గర్భాశయ ముఖద్వార కాన్సర్

గర్భాశయ ముఖద్వార కాన్సర్ అనగా గర్భాశయం యొక్క కింది భాగం యోనిలోకి తెరుచుకునే చోట ఏర్పడే కాన్సర్. భారతదేశంలో స్త్రీలకు వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సర్ తరువాతి స్థానం దీనిదే. 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం దేశంలో ఆ యేడు సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి కొత్తగా సోకగా, దాదాపు 80,000 మంది మరణించారు. ఇది చాలా నెమ్మదిగా పెరిగే వ్యాధి. వైరస్ సోకిన నాటి నుండి కాన్సర్‌గా మారటానికి సాధారణంగా 10 నుండి 20 సంవత్సరాలు పడుతుంది. కనుక ముందుగా గుర్తిస్తే పూర్తిగా నయం చేయవచ్చును.

ఖర్చు తక్కువైన పరీక్షలతో ఈ మరణాలను తగ్గించవచ్చునని నిరూపించిన ముఖ్య పరిశోధనలు భారతదేశపు గ్రామాలలో, మురికివాడలలో జరిగాయి. పెద్ద కాన్సర్ ఆసుపత్రులకు దూరంగా ఉన్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి తెలంగాణ జిల్లాలకు ఈ ఫలితాలు ఎంతో ముఖ్యమైనవి.

కారణాలు

దాదాపు అన్ని సందర్భాలలోను ఈ వ్యాధికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్.పి.వి.). జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 1984 సంవత్సరాలలో ఈ వైరస్ యొక్క 16, 18 రకాలను కాన్సర్ కణాలలో గుర్తించాడు. ఇందుకుగాను ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. సుమారు 70 శాతం కేసులకు ఈ రెండు రకాలే కారణం.

ఈ వైరస్ లైంగిక సంపర్కం వలన వ్యాపిస్తుంది. ఇది చాలా సాధారణమైన వైరస్. ఎక్కువమందిలో ఒకటి రెండు సంవత్సరాలలో దానంతట అదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో మాత్రమే కణాలలో మార్పులు మొదలవుతాయి. కాబట్టి ఈ వ్యాధి రావటం నడవడికకు సంబంధించిన మచ్చ కాదు. పొగాకు వాడకం, హెచ్.ఐ.వి., ఎక్కువ కాన్పులు ముప్పును పెంచుతాయి.

లక్షణాలు

తొలి దశలో ఏ లక్షణాలూ కనిపించకపోవచ్చు. తరువాత కింది లక్షణాలు కనిపిస్తాయి.

* సంపర్కం తరువాత రక్తస్రావం
* నెలసరికీ నెలసరికీ మధ్య, లేదా ముట్లుడిగిన తరువాత రక్తస్రావం
* దుర్వాసనతో, కొన్నిసార్లు రక్తపు చారలతో తెల్లబట్ట
* నడుము నొప్పి, పొత్తికడుపు నొప్పి

తెల్లబట్ట ఉన్నంత మాత్రాన కాన్సర్ అని భావించరాదు. అది ఎక్కువగా మందులతో తగ్గే సాధారణ ఇన్ఫెక్షన్ల వలన వస్తుంది. అయితే ముట్లుడిగిన తరువాత కనిపించే రక్తస్రావాన్ని ఎన్నడూ నిర్లక్ష్యం చేయకూడదు.

ముందస్తు పరీక్షలు

ముఖద్వారం నుండి కణాలను సేకరించి సూక్ష్మదర్శినితో పరిశీలించే పాప్ పరీక్ష చాలా దేశాలలో మరణాలను బాగా తగ్గించింది. కాని దీనికి ప్రయోగశాల, శిక్షణ పొందిన నిపుణులు అవసరం. గ్రామీణ ప్రాంతాలకు అనువైన మార్గం కోసం భారతదేశంలో రెండు పెద్ద అధ్యయనాలు జరిగాయి.

మొదటిది మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్) జిల్లాలో జరిగింది. మహబూబ్‌నగర్ వలెనే ఇది కూడా ఒకప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. ఇందులో 30 నుండి 59 యేళ్ళ మధ్య వయసు గల 1,31,000 మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. ఒకే ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, అవసరమైన వారికి చికిత్స చేసిన గ్రామాలలో ఈ కాన్సర్ మరణాలు, పరీక్షలు జరగని గ్రామాలతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

రెండవది టాటా మెమోరియల్ ఆసుపత్రి ముంబయి మురికివాడలలో సుమారు లక్షన్నర మంది స్త్రీలతో జరిపినది. ఇందులో ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం (వంటింటి వెనిగర్‌లో ఉండేది) పూసి, ఒక నిమిషం తరువాత కంటితో పరీక్షిస్తారు. మార్పు చెందిన భాగం తెల్లగా కనబడుతుంది. పరీక్షలు చేసినవారు డాక్టర్లు కాదు, కొద్ది వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. రెండేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయగా మరణాలు 31 శాతం తగ్గినట్లు 2013లో ప్రకటించారు.

భారత ప్రభుత్వం 2016లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 యేళ్ళ మధ్య వయసు స్త్రీలకు అయిదేళ్ళకొకసారి ఎసిటిక్ ఆమ్ల పరీక్ష చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుండి హెచ్.పి.వి. పరీక్షకు ప్రాధాన్యత ఇస్తున్నది. ఇందుకు కావలసిన నమూనాను స్త్రీలు తమంతట తామే సేకరించుకోవచ్చు కనుక బిడియం వలన పరీక్షకు వెనుకాడేవారికి ఇది అనుకూలం.

టీకా

హెచ్.పి.వి. టీకా చరిత్రలో తెలుగు నేలకు ఒక స్థానమున్నది. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 యేళ్ళ బాలికలకు ఈ టీకాను ప్రయోగాత్మకంగా ఇచ్చాయి. కొందరు బాలికలు మరణించటంతో ఆందోళనలు చెలరేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు చేయటం వంటి లోపాలు బయటపడ్డాయి.

అదే సమయంలో దేశంలో జరుగుతున్న మరొక టీకా అధ్యయనం కూడా ఆగిపోయింది. రెండు లేదా మూడు మోతాదులు పొందవలసిన బాలికలలో దాదాపు 5,000 మందికి ఒక్క మోతాదే అందింది. పరిశోధకులు వీరిని పదేళ్ళపాటు గమనించగా, 16, 18 రకాల వైరస్ నిలిచిపోకుండా ఒక్క మోతాదే 95 శాతం రక్షణ ఇచ్చినట్లు 2021లో తేలింది. ఇటువంటి ఆధారాలతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క మోతాదు సరిపోతుందని అంగీకరించింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన స్వదేశీ టీకా సెర్వావాక్‌కు 2022లో అనుమతి లభించింది.

చికిత్స

చికిత్స వ్యాధి దశను బట్టి ఉంటుంది. కాన్సర్‌కు ముందటి మార్పులను గడ్డకట్టించే పద్ధతి ద్వారా, లేదా వేడి ద్వారా కొద్ది నిమిషాలలో తొలగించవచ్చు. ఆసుపత్రిలో చేరనవసరం లేదు.

శస్త్రచికిత్స: తొలి దశ కాన్సర్‌కు గర్భాశయాన్ని, చుట్టూ ఉన్న కణజాలంతో సహా తొలగిస్తారు. చిన్న రంధ్రాల ద్వారా చేసే లాప్రోస్కోపీ, రోబో పద్ధతులు మేలైనవని చాలాకాలం భావించారు. 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన ఈ భావనను తలక్రిందులు చేసింది. నాలుగున్నర సంవత్సరాల తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు పొట్ట కోసి చేసే పాత పద్ధతిలో 96.5 శాతం కాగా, కొత్త పద్ధతిలో 86 శాతం మాత్రమే. 2024లో వెలువడిన మరొక పరిశోధన, కణితి 2 సెంటీమీటర్లకు మించని, ముప్పు తక్కువైన స్త్రీలకు గర్భాశయాన్ని మాత్రమే తొలగించే చిన్న శస్త్రచికిత్స సరిపోతుందని తెలిపింది.

కిరణ చికిత్స: ముదిరిన దశలో రేడియేషన్, దానితోపాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ మందు ఇవ్వటం 1999 నుండి ప్రామాణిక చికిత్స. గ్రామాలలో రేడియేషన్‌ను 'కరెంటు పెట్టటం' అంటారు. బయటి నుండి సుమారు 5 వారాలు, తరువాత లోపలి నుండి ఇచ్చే ఈ చికిత్స మొత్తం 8 వారాలలో పూర్తి కావాలి. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. ముందుగా మందులిచ్చి తరువాత శస్త్రచికిత్స చేయటం కంటే ఈ పద్ధతే మెరుగని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2018లో చూపింది.

కొత్త మార్గాలు: భారతదేశం కూడా పాల్గొన్న ఒక పరిశోధనలో రేడియేషన్‌కు ముందు 6 వారాలపాటు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులు ఇవ్వగా, అయిదేళ్ళు జీవించినవారు 72 నుండి 80 శాతానికి పెరిగారు (2024). ఇవి చాలాకాలంగా వాడుకలో ఉన్న మందులే. పెంబ్రోలిజుమాబ్ వంటి రోగనిరోధక చికిత్సలు కూడా మేలు చేస్తున్నాయి కాని వాటి ధర చాలా ఎక్కువ.

అనవసర గర్భాశయ తొలగింపు

కాన్సర్ వస్తుందన్న భయంతో ఆరోగ్యంగా ఉన్న గర్భసంచిని తీయించుకోవటం తెలుగు రాష్ట్రాలలో పెద్ద సమస్య. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 యేళ్ళ స్త్రీలలో గర్భాశయం తొలగించబడినవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట, నడుము నొప్పి వంటి వాటికి కూడా ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు ఉన్నారు. చిన్న వయసులోనే అండాశయాలు కూడా తొలగిస్తే ఎముకలు గుల్లబారటం, గుండె జబ్బుల ముప్పు పెరగటం జరుగుతుంది. అంతేకాక లోపల ఉన్న కాన్సర్‌ను గుర్తించకుండా మామూలు ఆపరేషన్ చేస్తే తరువాతి చికిత్స క్లిష్టమవుతుంది. కనుక ఆపరేషన్‌కు ముందు ముఖద్వార పరీక్ష తప్పనిసరి. అనవసర తొలగింపులను అరికట్టవలసిందిగా 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

పాలమూరు ప్రాంతంలో

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉండేవి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగిలిన రెండు. ఈ పథకం వలన కాన్సర్ శస్త్రచికిత్స, మందులు, రేడియేషన్ పేదలకు ఉచితంగా అందసాగాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో పథకం పరిమితిని కుటుంబానికి సంవత్సరానికి 10 లక్షల రూపాయలకు పెంచారు.

నాగర్‌కర్నూల్, వనపర్తి పట్టణాలలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. రాష్ట్రంలో ప్రభుత్వ రంగంలోని ప్రధాన కాన్సర్ ఆసుపత్రి హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ (ఎం.ఎన్.జె.) కాన్సర్ ఆసుపత్రి. ఇది 1955లో ప్రారంభమైంది. గద్వాల, అలంపూర్ ప్రాంతాలవారికి హైదరాబాదు కంటే తుంగభద్ర ఆవలి ఒడ్డున ఉన్న కర్నూలు దగ్గర.

చికిత్స ఉచితమైనా కూలి పోవటం, ప్రయాణం, నగరంలో వారాల తరబడి బస ఈ ప్రాంతపు కుటుంబాలకు భారమే. పాలమూరు నుండి దూరప్రాంతాలకు వలస వెళ్ళే కూలీలకు ఊరిలో జరిగే పరీక్షా శిబిరాలు అందకపోవచ్చు. నల్లమల అడవిలోని చెంచు పెంటలకు ఆరోగ్య కేంద్రం చేరటమే కష్టం. 8 వారాల చికిత్సను మధ్యలో మానివేస్తే అంతవరకు చేసిన శ్రమ వృథా కాగలదు. ఎసిటిక్ ఆమ్ల పరీక్షకు మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని బల్ల, దీపం, శిక్షణ పొందిన నర్సు చాలు. ముంబయి అధ్యయనం నిరూపించినది ఈ పరీక్ష విలువనే.

లక్ష్యాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో ఈ వ్యాధి నిర్మూలనకు 2030 నాటికి చేరవలసిన మూడు లక్ష్యాలను ప్రకటించింది.

* 15 యేళ్ళలోపు బాలికలలో 90 శాతం మందికి టీకా
* 35, 45 యేళ్ళ వయసులలో 70 శాతం స్త్రీలకు పరీక్ష
* వ్యాధి గుర్తించిన వారిలో 90 శాతం మందికి చికిత్స

ఇవి కూడా చూడండి

* కాన్సర్
* గర్భాశయం
* ఆరోగ్యశ్రీ పథకం
* మహబూబ్‌నగర్ జిల్లా