అప్పగించమన్న వారు, ఆశ్రయమిచ్చిన వారు: హబషా నుండి హుదైబియా వరకు

 

అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చి, ప్రాణభిక్ష పెట్టమని నిలబడిన మనిషిని ఏమి చేయాలి? ఈ ప్రశ్నపై నేడు ఎన్నో దేశాల చట్టసభలలో వాదోపవాదాలు జరుగుతున్నాయి. చట్టాన్ని ఉల్లంఘించి వచ్చినవాణ్ణి వెనక్కి పంపవలసిందేనని ఒక పక్షం అంటుంది. పంపితే చంపుతారని మరో పక్షం అంటుంది. ఈ వాదం మనకు కొత్తది కాదు. మన సముదాయ చరిత్ర ఆరంభంలోనే ఇది రెండుసార్లు ఎదురయింది. మొదటిసారి మనవారు ఆశ్రయం కోరినవారిగా నిలబడ్డారు. రెండవసారి అప్పగించవలసిన బాధ్యత మనవారిపైనే పడింది. ఈ రెండు ఘట్టాలను కలిపి చదివినప్పుడే పాఠం పూర్తవుతుంది.

దైవదౌత్యపు ఐదవ సంవత్సరం, అనగా క్రీ.శ. 615. మక్కాలో ఖురైషీయుల దౌర్జన్యం భరించరానిదయింది. హబషా రాజ్యంలో ఎవరిపైనా అన్యాయం జరగనివ్వని ఒక రాజు ఉన్నాడని, అక్కడికి వెళ్ళమని దైవప్రవక్త (స) తమ సహచరులకు సూచించారు. మొదటి బృందంలో పదిమందికి పైగా పురుషులు, నలుగురు స్త్రీలు ఉన్నారు. హజ్రత్ ఉస్మాన్ (రజి), ఆయన సతీమణి, ప్రవక్త కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) వారిలో ఉన్నారు. కొందరు కాలినడకన, కొందరు వాహనాలపై రహస్యంగా షుఐబా రేవుకు చేరారు. మనిషికి అర దీనారు చొప్పున చెల్లించి రెండు వర్తక నౌకలలో సముద్రం దాటారని చరిత్రకారులు వ్రాశారు. వెంబడించిన ఖురైషీయులు తీరానికి చేరేసరికి ఓడలు వెళ్ళిపోయాయి. నేటి భాషలో చెప్పాలంటే, ఇస్లాం చరిత్రలో మొదటి ముహాజిర్లు దొంగచాటుగా సరిహద్దు దాటినవారే.

తరువాత మరింత పెద్ద బృందం వెళ్ళింది. అందులో ఎనభైమందికి పైగా పురుషులు ఉన్నారు. అప్పుడు ఖురైషీయులు అమ్ర్ బిన్ ఆస్‌ను, అబ్దుల్లాహ్ బిన్ అబీ రబీఆను రాయబారులుగా పంపారు. హబషాలో ఎంతో విలువగల తోలు సరుకులను కానుకలుగా తెచ్చిన ఆ ఇద్దరూ రాజును నేరుగా కలవలేదు. ముందుగా ఒక్కొక్క మతపెద్దకు, అధికారికి కానుక సమర్పించి, రాజు ఆ శరణార్థులతో మాట్లాడకుండానే వారిని అప్పగించేలా సలహా ఇవ్వమని కోరారు. వారి వాదన వినడానికి ఎంతో న్యాయంగా ఉంది: వీరు మా పిల్లలు, దారి తప్పినవారు, మీ మతంలోనూ చేరలేదు, వీరి సంగతి వీరి పెద్దలకే బాగా తెలుసు. ఆస్థానంలోని పెద్దలు దానికి తల ఊపారు.

నజాషీ రాజు మాత్రం ఒప్పుకోలేదు. మరెవరి దగ్గరికీ పోక తన నీడను ఎంచుకొని వచ్చిన వారిని, వారి మాట వినకుండా ఎలా అప్పగిస్తానని ఆయన ఆగ్రహించారు. వారిని పిలిపించారు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) లేచి, అజ్ఞానకాలంలో తమ జీవితం ఎలా ఉండేదో, ప్రవక్త తమకు ఏమి బోధించారో, అందుకు తమవారు తమను ఎలా హింసించారో వివరించారు. రాజు కోరగా సూరా మర్యమ్ ఆరంభ వాక్యాలు వినిపించారు. రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. మరునాడు రాయబారులు ఈసా (అలైహిస్సలాం) విషయంలో వీరి విశ్వాసం మీ విశ్వాసానికి విరుద్ధమని మరో అస్త్రం ప్రయోగించారు. ముస్లిములు ఆశ్రయం పోతుందన్న భయంతో తమ నమ్మకాన్ని దాచలేదు. రాజు విన్నారు, కానుకలు తిప్పి పంపారు, శరణార్థులకు అభయమిచ్చారు. ఈ వృత్తాంతాన్ని మనకు అందించినవారు ఆ సభ నాటి వలసజీవులలో ఒకరైన హజ్రత్ ఉమ్మె సలమా (రజి). కొందరు ముహాజిర్లు హిజ్రీ 7లో, ఖైబర్ యుద్ధ సమయం వరకు ఆ దేశంలోనే ప్రశాంతంగా జీవించారు.

ఇక రెండవ ఘట్టం. హిజ్రీ 6, క్రీ.శ. 628, హుదైబియా. పదేళ్ళ యుద్ధవిరామ ఒప్పందంలో ఒక షరతు ఉంది: మక్కా నుండి పెద్దల అనుమతి లేకుండా మదీనాకు వచ్చినవారిని తిరిగి అప్పగించాలి. ఒప్పందం వ్రాస్తూ ఉండగానే సంకెళ్ళు ఈడ్చుకుంటూ హజ్రత్ అబూ జందల్ (రజి) వచ్చిపడ్డారు. ఖురైషీయుల పక్షాన సంధి కుదుర్చుతున్న సుహైల్ బిన్ అమ్ర్ కుమారుడే ఆయన. ఈ ఒక్కడినైనా తనకు వదలమని దైవప్రవక్త (స) అడిగారు. సుహైల్ వినలేదు. సహనం వహించమని, అల్లాహ్ దారి చూపుతాడని ఓదార్చి ఆయనను తిరిగి పంపవలసి వచ్చింది. సహాబాల గుండెలు పగిలాయి. హజ్రత్ ఉమర్ (రజి) వంటివారే తట్టుకోలేకపోయారు.

సోదరులారా! ఈ దృశ్యాన్ని మనం దాటవేయకూడదు. ఒప్పందానికి కట్టుబడటం ఎంత బరువైన బాధ్యతో ఇక్కడ తెలుస్తుంది. రాజ్యం మాట ఇచ్చిన తరువాత, ఆ మాట తనవారికే కష్టం కలిగించినా దైవప్రవక్త (స) దానిని తప్పలేదు. సరిహద్దులు, సంధులు, చట్టాలు అర్థం లేనివని మనం అనలేము.

అయితే కథ అక్కడ ఆగలేదు. హజ్రత్ అబూ బసీర్ (రజి) పారిపోయి మదీనాకు వచ్చారు. షరతు ప్రకారం ఆయనను ఖురైషీయుల మనుషులకు అప్పగించారు. ఆయన దారిలో ఒకడిని చంపి తప్పించుకున్నారు. మదీనాలో తనకు చోటు ఉండదని గ్రహించి సముద్రతీరానికి వెళ్ళిపోయారు. అబూ జందల్ సహా మక్కా నుండి తప్పించుకున్నవారందరూ అక్కడ చేరి, ఖురైషీయుల వర్తక బిడారాలను అడ్డగించసాగారు. చివరికి ఖురైషీయులే వచ్చి, వీరిని మీ దగ్గరికే పిలిపించుకోండని ప్రవక్తను వేడుకున్నారు. చోటు దొరకని మనిషి మాయమైపోడు. ఎక్కడో ఒకచోట చట్టం నీడ లేకుండా బతుకుతాడు. ఆ షరతు పెట్టినవారికే ఈ సత్యం ముందుగా తెలిసివచ్చింది.

అదే కాలంలో హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ బిన్తె ఉఖ్బా (రజి) మదీనాకు చేరారు. ఆమె సోదరులిద్దరు వెంటనే వచ్చి అప్పగించమన్నారు. అప్పుడు సూరా ముమ్తహినా 10వ ఆయత్ అవతరించింది. దాని భావంలో మూడు ఆదేశాలున్నాయి. వలస వచ్చిన స్త్రీలను పరీక్షించి విచారించాలి. విశ్వాసులని తేలితే వారిని తిరిగి పంపకూడదు. వారి భర్తలు ఖర్చు చేసిన మహర్ సొమ్మును ఆ భర్తలకు చెల్లించాలి. విచారణ ఉంది, రక్షణ ఉంది, ఎదుటిపక్షం హక్కు కూడా ఉంది. ఆ సూరాకు ఆ పేరు వచ్చింది ఈ విచారణ నుండే.

1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడిక 33వ అధికరణం, ప్రాణానికి, స్వేచ్ఛకు ముప్పు ఉన్న చోటికి శరణార్థిని తిరిగి పంపరాదని చెబుతుంది. మన దేశం ఆ ఒడంబడికపై సంతకం చేయలేదు. అయినా 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాల కేసులో, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులు కానివారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2021లో జమ్మూలోని రోహింగ్యాల విషయంలో, దేశం నుండి పంపివేయబడకుండా ఉండే హక్కు పౌరులకే పరిమితమని, అయితే నిర్ణీత విధానం పాటించకుండా పంపరాదని చెప్పింది. దేశభద్రత గురించిన ప్రభుత్వ వాదనను, ప్రాణభయం గురించిన శరణార్థుల వాదనను రెండింటినీ విని తూచవలసింది న్యాయస్థానాలే.

మరి మన వంతు ఏమిటి? హైదరాబాద్ బాలాపూర్ పరిసరాలలో రోహింగ్యా కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. వారికి అన్నం, వైద్యం, పిల్లలకు చదువు అందేలా చూడటం మన బాధ్యత. దొంగ ధ్రువపత్రాలు సంపాదించిపెట్టడం మాత్రం సహాయం కాదు. అది అబద్ధం, పైగా వారి నిజమైన వాదననే అది దెబ్బతీస్తుంది. జాఫర్ (రజి) రాజు ఎదుట సత్యాన్నే చెప్పారు, సత్యమే ఆయనను కాపాడింది.

మరొక మాట. ఆశ్రయం మనవారికే అడిగి, ఇతరులకు నిరాకరిస్తే మనం నజాషీకి రుణపడి ఉన్నామన్న సంగతి మరచినట్లే. మన ముహాజిర్లకు అభయమిచ్చిన నాడు ఆయన క్రైస్తవ రాజు. బహుదైవారాధకుడైనా శరణు కోరితే శరణిచ్చి, క్షేమమైన చోటికి చేర్చమని సూరా తౌబా 6వ ఆయత్ ఆదేశిస్తుంది. 2015 మే నెలలో రోహింగ్యాలు, బంగ్లాదేశీయులతో నిండిన పడవలను ముస్లిములు అధికంగా ఉన్న దేశాల నౌకాదళాలే మొదట వెనక్కి నెట్టాయి. ఇండోనేషియాలోని ఆచె జాలరులు మాత్రం వారిని ఒడ్డుకు చేర్చారు. ఆ తరువాతే మలేషియా, ఇండోనేషియా ప్రభుత్వాలు తాత్కాలిక ఆశ్రయానికి అంగీకరించాయి. కనుక వేలెత్తి చూపే ముందు మన ఇంటిని కూడా చూసుకోవాలి.

నజాషీ మరణవార్త అందిన రోజు దైవప్రవక్త (స) మదీనాలో సహచరులను వరుసలుగా నిలబెట్టి ఆయన కోసం జనాజా నమాజు చేయించారు. ఎదుట మృతదేహం లేదు. మధ్యలో సముద్రం, ఎడారి ఉన్నాయి. తీర్పు చెప్పే ముందు నిరాశ్రయుల మాట విన్న మనిషికి లభించిన గౌరవం అది. వినే చెవిని, సత్యం పలికే నాలుకను, మాట నిలుపుకునే స్థైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.