కంప్యూటర్‌కు గుమ్మి, పాతర

వెనుకటి రోజుల్లో ధాన్యం దాచుకోవడానికి మన పెద్దలు రెండు పద్ధతులు పాటించేవారు. రోజువారీ వాడకానికి ఇంట్లో చేతికందే గుమ్మి. ఎక్కువ కాలం నిలవ ఉండవలసిన గింజలకు నేలలో పాతర. పాతర చవక, ఎంతైనా పడుతుంది. కాని తీయాలంటే తవ్వాలి.

ఇవాళ రేగుంట, సిరోంచ వైపు, ఇంట్లో తెలుగూ బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలు కంప్యూటర్‌లో ఆటలాడుతూ, "జాగా చాలడం లేదు, ఇంకో డిస్కు కొనాలి" అంటున్నారు. పత్తి డబ్బులోంచి తీసి కొనే తండ్రికి ఏది కొనాలో తెలియాలంటే, ఈ డిస్కుల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలియడం మంచిది.

1956 సెప్టెంబరులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ మొదటి హార్డ్ డిస్కును బయటికి తెచ్చింది. రెండడుగుల వ్యాసమున్న 50 పళ్ళేలు ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగేవి. బరువు టన్ను పైనే. ఇంతా చేస్తే అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు మనం ఫోనులో వినే ఒక్క సినిమా పాట కూడా అందులో పట్టడం కష్టమే! ఆ కంప్యూటర్ మొత్తానికి అద్దె నెలకు 3,200 డాలర్లు. 1980లో సీగేట్ సంస్థ ఇంచుమించు అంతే సమాచారాన్ని, అంటే 5 మెగాబైట్లను, చేత పట్టుకోగల పెట్టెలో ఇమిడ్చి 1,500 డాలర్లకు అమ్మింది. హార్డ్ డిస్కు ఇంటి కంప్యూటర్లోకి వచ్చింది ఆ దారినే.

రెండో దారి జపాన్‌లో మొదలైంది. తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓకా 1980లలో ఫ్లాష్ మెమరీని కనిపెట్టాడు. ఇందులో తిరిగే పళ్ళెం లేదు, కదిలే సూది లేదు. కరెంటు తీసేసినా సమాచారం చిప్పులోనే నిలుస్తుంది. మనం ఎస్.ఎస్.డి. అంటున్నది దీని సంతానమే.

ఆటల సంగతి చూడండి. 1993 నాటి డూమ్ ఆట కొన్ని ఫ్లాపీలలో సరిపోయేది. 2019లో కంప్యూటర్లకు వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కదానికే 150 గిగాబైట్ల జాగా కావాలి. 2023 నాటి స్టార్‌ఫీల్డ్‌కు 125 గిగాబైట్లు కావాలి, అదీ ఎస్.ఎస్.డి. మీదనే ఉండాలని తయారీదారులే షరతు పెట్టారు.

ధరలు ఏటా తగ్గుతాయని నమ్మి కూర్చోవడానికి లేదు. 2011లో థాయిలాండ్‌లో వరదలు వచ్చి హార్డ్ డిస్కుల కర్మాగారాలు మునిగితే, ప్రపంచమంతటా కొన్ని రకాల ధర రెట్టింపయింది. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగును చూసినవారికి వరద అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఎక్కడి నదో పొంగితే మన బజారులో ధర పెరగడం మాత్రం కొత్త సంగతి. 2025 చివరలో కృత్రిమ మేధ కేంద్రాలు చిప్పులను ఎగబడి కొనడంతో మళ్ళీ ధరలు లేచాయి. ఆ డిసెంబరులోనే, హైదరాబాదులో కూడా పెద్ద కేంద్రమున్న మైక్రాన్ సంస్థ, మామూలు జనానికి క్రూషల్ పేరుతో చేసే అమ్మకాలు మానుకుంటున్నట్టు ప్రకటించింది.

ఇక మన లెక్క. పట్నం వాళ్ళు, "ఆడడం అయిపోతే ఆటను చెరిపెయ్యి, కావాలంటే మళ్ళీ దింపుకో" అని సలహా ఇస్తారు. ఇంటికి కేబుల్ ఇంటర్నెట్ ఉన్నవారికి అది చెల్లుతుంది. ఫోనులో రోజుకు ఒకటిన్నర గిగాబైట్ల ప్యాకుతో 150 గిగాబైట్లు దింపుకోవాలంటే 100 రోజులు! అదే ఆటను మామూలు హార్డ్ డిస్కులో దాచి ఉంచుకుంటే అరగంటలో వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుచేత సరిహద్దు ఊళ్ళ వారికి పాతర అవసరం పట్నం వారికన్నా ఎక్కువ అని నా అభిప్రాయం. ఇప్పుడు ఆడుతున్న రెండు మూడు ఆటలకు ఒక చిన్న ఎస్.ఎస్.డి., మిగతా వాటికి చవకైన పెద్ద హార్డ్ డిస్కు. స్టీమ్ వంటి ఏర్పాట్లలో ఆటను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చే సదుపాయం ఉంది.

ఎస్.ఎస్.డి.లలోనూ తరగతులున్నాయి. సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. ఎన్.వి.ఎమ్.ఇ. రకం 3,500, ఆ పైన. అంకె చూసి మురిసిపోకండి. చాలా ఆటల్లో ఈ రెంటికీ తేడా కొద్ది సెకన్లే. పాత కంప్యూటర్‌కు ఎన్.వి.ఎమ్.ఇ. పెట్టే గాడి ఉందో లేదో చూసుకోకుండా మంచిర్యాలకో చంద్రపూర్‌కో వెళ్ళి కొనుక్కొస్తే బస్సు ఖర్చు దండగ. ఒక టెరాబైటు డిస్కు కంప్యూటర్లో 931గా కనిపిస్తే అది మోసం కాదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, కంప్యూటర్ 1,024తో లెక్కిస్తుంది.

అసలు మోసం వేరే ఉంది. కొన్ని వందల రూపాయలకే రెండు టెరాబైట్లు అని అమ్మే చిన్న డిస్కుల్లో నిజంగా ఉండేది ఏ 32 గిగాబైట్లో. లోపలి చిప్పు చేత అబద్ధం చెప్పిస్తారు. జాగా నిండాక కొత్తగా రాసింది పాతదాన్ని తుడిచిపెడుతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాము డిస్కు నిండా రాసి, తిరిగి చదివి ఈ మాయను పట్టిస్తుంది. రసీదు గడువు ఉండగానే ఆ పరీక్ష చేయించండి.