వీధి అరుగు

కృష్ణా గోదావరీ మండలముల పాత గ్రామములలో అడుగిడినవానికి మొట్టమొదట కనుపించునది, తలవాకిటి కిరుప్రక్కల నిలిచి, పొరుగింటి అరుగుతో వరుస గలిపి, వీధి పొడవునను సాగిపోవు అరుగుల బారు. దస్తావేజు ననుసరించి అది గృహస్థుని సొత్తు. వాడుక ననుసరించి వీధివారి సొత్తు. ఒకరి స్థలమయ్యును పదుగురి అనుభవమున నున్న ఆ చోటునుండియే ‘మా వీధి’ యను మమకారము పుట్టినదని నా దృఢవిశ్వాసము.

కలవారి అరుగులు రాతితో కట్టి గచ్చు చేసినవి. సామాన్యులవి మట్టితో మెత్తి, పేడతో అలికి, అంచున జేగురుపట్టె దీర్చి ముగ్గుపెట్టినవి. చూరును మోయు కొయ్యస్తంభములు తరతరముల వీపుల రాపిడికి నూనె రాచినట్లు నిగనిగలాడుచుండును. గచ్చుపై పులిజూదపు గీతలు, గోడలో దీపపుగూడు. ఆ గూటిలోని ప్రమిద ఇంటివానికంటె చీకటిలో దారిని పోవువానికే ఎక్కువగా ఉపకరించెడిది.

అక్షరవిద్యకు సైతము అరుగే చిరకాలము ఆశ్రయమై యుండెను. చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల స్థితిని విచారింపుమని కలెక్టర్ల నాదేశించి, వారి నివేదికలను కూర్చి 1826లో వ్రాసిన లెక్క ప్రకారము ఆ ప్రెసిడెన్సీయందు 12,498 పాఠశాలలును, 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి; బళ్లారి మండలపు 533 బడులలో 226 తెలుగువి. ఇట్టి వీధిబడులలో అనేకము ప్రత్యేకభవనము నెరుగవు. పంతులుగారి అరుగో, ఊరి మోతుబరి అరుగో, చెట్టునీడయో వానికి చాలెడిది. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో ఒక ఆచారమును వర్ణించెను: ఉదయము ఆరు గంటలకు బడి తెరవగనే మొదట వచ్చిన బాలుని అరచేత గౌరవసూచకముగ సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినకొలది ఒక్కొక్కటి అధికము. అరుగుబడిలో ఇసుకపై వ్రేలితో ఓనమాలు దిద్దు పిల్లలను దారిని పోవు ప్రతివాడును చూచుచుండెను; ఎవరి బిడ్డకు గుణింతము వచ్చెనో, ఎవనికి ఎక్కము తప్పెనో వీధికెల్ల తెలిసియుండెను. కనుకనే పెరిగి పొరుగుదేశముల కేగి తిరిగివచ్చిన వానికి ఆ వీధిలోని ప్రతి వృద్ధుడును తన చదువునకు సాక్షియై కనుపించెడివాడు.

1914లో ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికగా వెలువడసాగిన పిమ్మట ఊరికి ఒక్క ప్రతి వచ్చినను చాలెను. చదువు వచ్చినవాడు అరుగుపై బిగ్గరగ చదువ, రానివారు చుట్టును చేరి వినుచుండిరి. పెండ్లి మాటలు, పొలముగట్టు తగవులు, ఉగాదినాటి పంచాంగశ్రవణము, అన్నియు అచ్చటనే.

అయితే అరుగు అందరిది కాలేదు. ఈ సత్యమును దాచుట నాకు సమ్మతము కాదు. అగ్రవర్ణుల వీధులలో దళితుడు దానిపై కూర్చుండుట మాట అటుండ, చెప్పులు చేతబట్టుకొని దూరముగ నిలువవలసి వచ్చెడిది. పెక్కు ఇండ్లలో స్త్రీలకు తలుపుచాటే గతి. కూర్చుండనీయని చోటును తనదని తలచుట ఎవ్వరికి సాధ్యము? వారికి ఆ వీధిపై మమకారము కలుగకున్నచో అది వీధి దోషమే గాని వారి దోషము గాదు.

నేడు పొరపై పొరగ వేసిన సిమెంటు రోడ్డు ఎత్తు పెరిగి, మిగిలిన అరుగులు పల్లమున పడినవి. వీధి విస్తరణలో కొన్ని కూలినవి. తక్కిన చోట్ల ప్రహరీగోడలును ఇనుపగేట్లును లేచినవి. దొంగల భయమును, వాహనముల రద్దీని నేను కాదనను. కాని గోడ కట్టిన ఇంటివారికి ఎదురింటివాని పేరైన తెలియకపోవుట చూచుచునే యున్నాము.

క్రొత్తగ ఇల్లు కట్టుకొను గృహస్థులారా! ప్రహరీని రెండు మూరలు వెనుకకు జరిపి వీధివైపున ఒక అరుగు కట్టుడు. కులమడుగక, పేరడుగక, ఎండనబడి వచ్చినవానిని దానిపై కూర్చుండనిండు.