ఖోక్ ఫనోమ్ డీ: కుమ్మరి స్త్రీ సమాధిలో లక్ష పూసలు

థాయ్‌లాండ్‌లోని ఖోక్ ఫనోమ్ డీ దిబ్బ ఇప్పుడు సముద్రానికి 22 కిలోమీటర్ల దూరం. క్రీ.పూ. 2000-1500 మధ్య అది నదీముఖాన వెలసిన పల్లె. 1984-85లో చార్లెస్ హైయమ్, రచనీ థోసారత్ అక్కడ తవ్వి, తరాల వారీగా ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న 154 సమాధులు బయటపెట్టారు. వాటిలో పసిపిల్లల సమాధులూ చాలానే ఉన్నాయి.

ఒక స్త్రీ సమాధిలో 1,20,000కు పైగా గవ్వ పూసలు దొరికాయి. వాటితోపాటు కుండలు చేసే మట్టి పనిముట్టు, నునుపు చేసే రాళ్లు. మట్టి పిసికే చేతులను చిన్నచూపు చూసే మన కులదృష్టికి ఇది అంతుపట్టదు. పక్కనే ఏడాది దాటిన బిడ్డకూ పూసలు, బుల్లి పనిముట్టు ఉన్నాయి. అది పుట్టుకతో వచ్చిన హోదాయేనా? కావచ్చు. కానీ తరాలను వరుసగా చూస్తే, సంపద ఏ కుటుంబంలోనూ స్థిరంగా నిలవలేదన్నది తవ్వినవారి అభిప్రాయం.