రాగి తొడుగు, ఇనుప బోల్టు: 18వ శతాబ్దపు బ్రిటిష్ యుద్ధనౌకల్లో లోహక్షయం

ఉష్ణమండల సముద్రాల్లో తిరిగే కర్ర ఓడలకు టెరిడో అనే ఓడపురుగు పెద్ద బెడద. నీట మునిగి ఉండే పలకలను అది లోలోపల తొలిచివేసేది. అడుగుభాగానికి నాచు, గుల్లలు పట్టడంతో ఓడ వేగమూ తగ్గేది. వీటికి విరుగుడుగా బ్రిటిష్ నౌకాదళం 1761లో 32 ఫిరంగుల ‘అలారం’ నౌక అడుగుకు రాగిరేకులు తొడిగి వెస్టిండీస్‌కు పంపింది.

1763లో పరిశీలించినప్పుడు పలకలకు పురుగు పట్టలేదని తేలింది. అయితే రాగికి తగిలిన ఇనుప మేకులు తుప్పుపట్టి క్షీణించాయి. రేకులకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని కొన్నిచోట్ల తీయకుండానే బిగించారు. ఆ కాగితం అడ్డుగా నిలిచినచోట ఇనుము భద్రంగా ఉంది. రెండు లోహాలు ఒకదానికొకటి తగలకూడదన్నది ఈ పరిశీలన సారాంశం.

ఉప్పునీటిలో ఈ రెండు లోహాలు కలిసినచోట విద్యుత్ ఘటం ఏర్పడి, ఇనుము కరిగిపోతుంది. రాగి వైశాల్యం ఎంత ఎక్కువైతే క్షయం అంత తీవ్రమవుతుంది. వోల్టా ఘటం వెలువడింది 1800లో. అంటే ‘అలారం’ నివేదిక నాటికి ఫలితం తెలుసు, కారణం తెలియదు.

అమెరికా యుద్ధకాలపు ఒత్తిడిలో, చార్లెస్ మిడిల్టన్ చొరవతో, 1779–81 మధ్య నౌకాదళంలో అత్యధిక భాగానికి రాగి తొడిగారు. రేకులకూ ఇనుప బోల్టులకూ మధ్య కాగితపు పొరనే నమ్ముకున్నారు. ఆ పొర చిరిగినచోట నీరు చేరి, ఓడ అంగాలను కలిపి ఉంచే బోల్టులు పలకల మాటున క్షీణించాయి. కాగితం గురించిన పరిశీలన తప్పు కాదు. పరిమిత పరీక్షలో నిలిచిన పొరను శాశ్వత రక్షణగా భావించడమే పొరపాటు. 1782 సెప్టెంబరు తుఫానులో ‘రామిలీస్’, ‘సెంటార్’ వంటి నౌకలు నష్టమైన తరువాత ఇనుప బోల్టులపై అనుమానం బలపడింది. 1783 నుంచి గట్టిపరచిన రాగి బోల్టులు క్రమంగా వాటి స్థానాన్ని ఆక్రమించాయి.

1824లో హంఫ్రీ డేవీ ఇదే ధర్మాన్ని తిప్పి ప్రయోగించాడు. రాగిని కాపాడేందుకు ఇనుప, జింకు ముక్కలను ఉద్దేశపూర్వకంగా జోడించాడు. రాగి కరగడం తగ్గింది. కానీ నాచు, గుల్లలు మళ్లీ పట్టాయి. తాను నెమ్మదిగా కరుగుతూ ఉండటం వల్లనే రాగి ఓడను శుభ్రంగా ఉంచగలిగిందని దీనితో స్పష్టమైంది. ఓడ అడుగున ఒక భాగాన్ని కాపాడిన ప్రతి ఉపాయం మరో భాగాన్ని ప్రభావితం చేసింది. అందువల్ల రాగి తొడుగు చరిత్రను ఇనుప బోల్టు చరిత్ర నుంచి విడదీసి చదవడం అసమగ్రమవుతుంది.